పరుగు లేని ఇల్లు

మా ఇంట్లో ఎవరూ పరుగెత్తేవారు కాదు. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. పిల్లలున్న ఇల్లు పరుగు లేకుండా ఎలా ఉంటుంది? కానీ ఉండేది. పెన్‌పహాడ్ అవతల మా ఊళ్లో, గొర్రెల దొడ్డికీ వంటింటికీ మధ్య ఉన్న పొడవాటి వాకిట్లో నేనూ నా తమ్ముడు నర్సింహా నడిచే పెరిగాం. బడికి ఆలస్యమైనా నడకే, వాన ముంచుకొచ్చినా నడకే. తడిసి ముద్దయి వచ్చినా అమ్మ ఏమీ అనేది కాదు. పొడిగా ఉండి కాస్త ఆయాసపడుతూ వచ్చామో, ఆ పూట ఇంట్లో మాటలుండేవి కావు. ఊళ్లో మమ్మల్ని "గొల్లోళ్ల పెండ్లిపిల్లలు" అని ఆటపట్టించేవారు, ఇద్దరం అంత నిదానంగా అడుగు తీసి అడుగు వేస్తామని.

దీనికి నాయనమ్మ చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే. "ఉరకకుండ్రి, గొర్లు బెదురుతయి. సూడి గొర్రె బెదిరితే కడుపు నిలువది." గొర్రెల మీద బతికే ఇంట్లో అంతకు మించిన కారణం ఏముంటుంది? చాలాకాలం నమ్మాను. కాస్త ఊహ తెలిశాక అనుమానం మొదలైంది. పక్కింటి వాళ్లకూ మంద ఉంది. వాళ్ల పిల్లలు పొద్దంతా దొడ్డి చుట్టూ ఉరికేవారు, వాళ్ల గొర్రెలు నెమరేస్తూ చూసేవి. అదే అడిగితే "ఆళ్ల గొర్లు గట్టియి" అంది నాయనమ్మ. "మరి పొద్దుగాల మన మంద సెలకలకు పోతది గద, దొడ్డి ఖాళీ ఉంటది గద, గప్పుడు ఉరకొచ్చా?" అన్నాను. "నీ నోట్లెకెల్లి ప్రశ్నలు పుట్టలకెల్లి చీమలెల్లినట్టు ఎల్తయేమే" అని ఆమె చీపురు తీసుకుని దొడ్డిలోకి వెళ్లిపోయింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అన్నం అడగకముందే పెట్టేది. జవాబు మాత్రం ఎంత అడిగినా పెట్టలేదు. తర్వాత నేను సైన్సు టీచరునై, ఎందుకు, ఎట్లా అని పిల్లలతో అడిగించడమే జీతంగా బతికాను. దానికి పునాది ఆ వాకిట్లోనే పడిందనుకుంటాను.

ఆ ఇల్లు తలచుకుంటే మొదట వచ్చేది వాసన. వానాకాలంలో నాయన గొంగడి దండెం మీద ఆరేసేవారు. తడిసిన ఉన్ని వాసన, దొడ్డిలో పెంటికల వాసన, పొయ్యి మీద జొన్న గటక ఉడికే వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. నాకేమో ఆ పిల్ల దగ్గర ఏ వాసనా లేకపోవడం వింతగా ఉండేది. నాయన తెల్లవారక ముందే అంబలి తాగి, సద్ది మూట కట్టె చివరికి తగిలించుకుని మందతో వెళ్లేవారు. ఆయనకూ తొందర తెలియదు. గొర్రె ఎంత నడిస్తే మనిషీ అంతే నడవాలె అనేవారు. ఎండాకాలం మేత దొరక్కపోతే మందను కృష్ణ ఒడ్డుకు, మఠంపల్లి దిక్కు తోలుకుపోయి నెలల తరబడి అక్కడే ఉండేవారు. అప్పుడు ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలమే. అమ్మ బియ్యప్పిండితో తపాల చెక్క చేస్తే అడుగున మాడిన ముక్క కోసం తమ్ముడూ నేనూ కొట్లాడుకునేవాళ్లం, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే.

అమ్మకు ఇంకో అలవాటు ఉండేది. మేము బడి నుంచో, బావి నుంచో, ఎక్కడి నుంచి వచ్చినా సరే, గడప దగ్గర ఆపేది. "ఆగు. మొఖం సూపియ్" అనేది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసేది. తుడవడం, దువ్వడం ఏమీ లేదు, ఉత్తగా చూసేది. తర్వాత వదిలేసి, "పో, తిను" అనేది. కాళ్లు మొహం కడుక్కున్నామో లేదో చూస్తోందనుకునేదాన్ని. తమ్ముడు ఒకసారి మొహానికి పొయ్యి మసి పూసుకుని వచ్చాడు, ఏమంటుందో చూద్దామని. అమ్మ ఆ మసి మొహాన్నే పట్టుకుని ఎప్పటిలాగే చూసి, "పో, తిను" అంది. అంటే ఆమె మురికి కోసం వెతకడం లేదు. మరి దేనికోసం? ఈ ప్రశ్న కూడా చీమల పుట్టలోనే ఉండిపోయింది.

నాకంటే ముందు ఒక అన్న పుట్టి పోయాడని నాకు తెలుసు. తెలుసంటే అంతే తెలుసు. నాయనమ్మ ఒకసారి ఎవరితోనో "దీనికంటె ముందు ఒకడుండె" అంటుంటే విన్నాను. అమ్మ అక్కడి నుంచి లేచిపోయింది. పేరు ఎవరూ అనలేదు. పెత్రమాస నాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు తాత పేరు, ముత్తాత పేరు చెప్పేవారు గాని చిన్నపిల్లలకు పెత్రమాస లేదట. ఆ పిల్లవాడి కోసం ఏ రోజూ లేదు. ఫొటో అసలే లేదు.

ఇదంతా ఇన్నేళ్లకు కదిలింది కవిత ఫోన్ వల్ల. కవిత మా చిన్నమ్మ మనుమడు రమేష్ భార్య. చిన్నమ్మంటే అమ్మకు స్వయానా చెల్లెలు, పేరు యాదమ్మ. ఎనభై దాటినా చెవులు, కళ్లు పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. వాళ్లది మిర్యాలగూడ. రమేష్ రైసు మిల్లులో పనిచేస్తాడు, కవిత బడిపంతులమ్మ. వాళ్ల బిడ్డ వెన్నెల రెండో తరగతిలో ఉండగా జ్వరంతో పోయింది. ఇక్కడి దవాఖానలో తగ్గలేదని హైదరాబాద్ తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. అప్పటి నుంచి ఆ పిల్ల పుట్టినరోజున ఊళ్లో పరుగు పెడుతున్నారు. చుట్టాలు, వెన్నెల బడి పిల్లలు, మిల్లువాళ్లు, పొద్దున నడకకొచ్చేవాళ్లు అందరూ పరుగెత్తుతారు, తోచింది ఇస్తారు. ఈసారి ఆ సొమ్ముతో చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లల్ని పెద్ద దవాఖానకు చేర్చే బండి ఒకటి తయారైంది.

"అత్తమ్మా, మీరు తప్పకుండా రావాలండి" అంది కవిత. కోదాడ పిల్ల కాబట్టి మాటలో ఆంధ్రా గాలి కాస్త కలుస్తుంది. "నాయనమ్మ ఈసారి వస్తానన్నారు. కానీ ఎప్పుడు లేచి వెళ్లిపోతారో తెలీదు. మీరు పక్కన కూర్చుంటే ఉంటారేమో."

చిన్నమ్మ అప్పటిదాకా ఆ పరుగు ముఖం చూడలేదు. పోయిన పిల్ల పేరు బనీన్ల మీద అచ్చేసుకుని ఊరంతా తిరగడమేందని కొడుకునూ మనుమడినీ కడిగేసింది. అంతకంటే, కవితతో ఆ మాట ఎత్తడమే మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, ఆ పిల్ల గురించి ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. "ఆమె ఈసారి వచ్చి కూడా మధ్యలో లేచి వెళ్లిపోతే నేనిక పెట్టను అత్తమ్మా" అంది కవిత ఫోన్‌లో, గొంతు మామూలుగానే ఉంచుకుని. "నేను తప్పు చేస్తున్నానేమో అనిపిస్తోంది. ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోనిది ఎంతకాలమని."

సూర్యాపేటలో పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి వచ్చింది. ఈ ఊరివాళ్లకు ఆ వాసన తెలియనే తెలియదట, చిన్నప్పుడు గొంగడి వాసన నాకు తెలియనట్టు. బడి మైదానంలో షామియానా, పెద్ద సౌండు, చిన్నపిల్లల చేత కసరత్తు చేయిస్తున్న ఒకాయన. అందరి ఒంటి మీదా పసుపు టీషర్టు, దాని మీద వెన్నెల నవ్వు మొహం. మైకులో మాటిమాటికీ ఆ పేరు. నేనైతే వింతగా చూస్తూ నిలబడిపోయాను. మా ఇంట్లో ఒక పిల్లవాడి పేరు ఎవరికీ వినబడకుండా దాచారు, ఇక్కడ ఒక పిల్ల పేరు మిల్లుల దాకా వినబడుతోంది. రెండూ ఒకే బాధకు చేసిన పనులే గదా. ఏది మేలు? బస్సు దిగినప్పటి నుంచి నాకు ఇదే ప్రశ్న.

చిన్నమ్మ ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. టీషర్టును మడిచి ఒళ్లో పెట్టుకుంది, వెన్నెల మొహం లోపలికి పోయేటట్టు. నేను చీర మీదే టీషర్టు తొడుక్కుని వెళ్లి పక్కన కూర్చుంటే పై నుంచి కిందికి చూసింది.

"నువ్వు గూడ ఉరుకుతవా ఏంది?"

"లేదు చిన్నమ్మా. మన ఇంట్ల ఉరుకుడు లేదు గద" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. అప్పుడే జెండా ఊపారు. ముందు పెద్దపిల్లలు, వెనక మగవాళ్లు, వాళ్ల వెనక కొంగు బిగించిన ఆడవాళ్లు ఒక్కసారిగా కదిలారు. కవిత అందరికంటే వెనక, ఎవరినీ చూడకుండా పరుగెత్తుతోంది. మైకు ఆపారు. మైదానం నేల మీద అన్ని పాదాల చప్పుడు మాత్రమే మిగిలింది. చిన్నమ్మ చేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. లేచిపోతుందనుకున్నాను. లేవలేదు, పట్టు మాత్రం వదలలేదు.

"గా సప్పుడుకే మీ అమ్మ చెవులు మూసుకుంటుండె" అంది.

"గొర్లు బెదురుతయని గద?"

"గొర్లకేం రోగం బిడ్డా. బెదిరింది మీ అమ్మ." ఆమె మైదానం వంకే చూస్తూ చెప్పింది. "మీ అన్న మల్లేశు లేడా. గా పిలగానికి రాత్రి పట్టిన జొరం తెల్లారినా ఇడువలే. కండ్లు తేలేసిండు. మీ నాయన మందతోటి కృష్ణ ఒడ్డుకు పోయె. నేను పెండ్లిగాని పిల్లను, మీ అమ్మకు ఆసరకు వచ్చి ఉన్న. సూర్యాపేట బస్సు పట్టుకోవాలంటే రోడ్డు దాక పోవాలె గద. పిలగాన్ని భుజానేసుకొని మీ అమ్మ ఉరికింది. చెప్పులు లెవ్వు. సెలకలన్ని దునుకుకుంట ఉరికింది. నేను సద్ది మూట పట్టుకొని ఎనక."

మల్లేశు. ఆ పేరు అంత మామూలుగా వచ్చేసరికి, మళ్లీ చెప్పించుకోవాలనిపించింది. మధ్యలో ఆపడానికి భయపడి ఊరుకున్నాను.

"భుజం మీద ఏసుకుంటే పిల్ల మొఖం ఏ దిక్కుంటది?" అని అడిగింది చిన్నమ్మ.

నా భుజం వంక చూసుకున్నాను. నిజంగా ఆలోచించాల్సి వచ్చింది.

"ఎనక దిక్కుంటది. ఎనకొచ్చేటోళ్లకు కనబడుతది, ఎత్తుకున్నామెకు కనబడది. పానం పోయేటప్పుడు మీ అన్న నన్ను సూసిండు. నాకెరుకైంది. నేను చెప్పలే. చెప్తే నిలబడుతది, నిలబడితే ఆడనే కూలిపోతది అనుకున్న. మీ అమ్మ ఇంక ఉరుకుతనే ఉంది. రోడ్డు మీదికి పోయినంక పిలగాన్ని ముందటికి తిప్పుకుంది. గప్పుడు సూసింది."

 పరుగెత్తేవాళ్లు మైదానం దాటి మిల్లుల రోడ్డు ఎక్కారు. చప్పుడు దూరమైపోయింది. చిన్నమ్మ ఒళ్లో టీషర్టు మడత సరిచేసుకుంది.

"నన్ను ఏమనలే మీ అమ్మ. ఒక్కసారి అన్నది, నువ్వు జన్మ జన్మలకు నా చెల్లెవే గని, నువ్వు సూసినవు, నేను సూడలే అని. గంతే. మల్ల గా ముచ్చట తియ్యలే. ఉరికి ఏం సంపాయిచ్చిన్నే, ఉరక్కుండ ఒళ్లె పెట్టుకొని కూసుంటే కండ్లార సూస్తుంటి గద అని లోపల లోపల కాలింది. మీరు ఉరికితే ఆమెకు గదే కండ్లల్ల తిరిగేది. మీ నాయనమ్మ మంచి మనిషి. గొర్ల మీద పెట్టి చెప్పింది."

గడప దగ్గర అమ్మ మా గడ్డం పట్టుకుని దేనికోసం చూసేదో అప్పుడు తెలిసింది. మసి పూసుకున్న తమ్ముడి మొహంలోనూ ఆమెకు కావలసింది కనబడింది, బతికి ఉన్నాడు. అది చూసుకుని అన్నం పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆ వయసులో ఎవరైనా చెప్పి ఉంటే నేను ఆ ఆపడాన్ని విసుక్కునేదాన్ని కాదు గదా అనిపించింది. మళ్లీ, చెప్పి ఉంటే మా ఇల్లు ఎట్లా నడిచేదో అనీ అనిపించింది. చెప్పకపోవడం వాళ్లకు తెలిసిన ఒకే ఒక మందు. ఈ కాలం పిల్లలకు చెప్పడం తెలుసు. అయినా వీళ్ల బాధ తక్కువేమీ కాదని, వెనక వరుసలో ఒంటరిగా పరుగెత్తిన కవితను చూస్తే తెలుస్తూనే ఉంది.

అందరూ తిరిగొచ్చి ఉప్మా ప్లేట్ల దగ్గర మూగారు. కవిత చెమటతో, ఆయాసంతో నేరుగా మా దగ్గరికి వచ్చింది. చిన్నమ్మ కుర్చీలోనే ఉందని చూసి నీళ్ల సీసా పట్టుకుని అలాగే నిలబడింది.  చివరికి చిన్నమ్మే అడిగింది.

"బండి అంటిరి, ఏదీ?"

మైదానం పక్కనే ఉంది బండి. తెల్లది, కొత్త వాసన పోలేదు. పక్కన వెన్నెల పేరు, చుట్టూ పిల్లలు పెట్టిన బొట్లు. రమేష్ ఆక్సిజన్ ఎక్కడుందో, సైరన్ ఎట్లా మోగుతుందో చెప్పబోయాడు. చిన్నమ్మ వాటి జోలికి పోలేదు. వెనక తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. చిన్న మంచం, దాని పక్కన ఒక సీటు.

"దీంట్ల తల్లి యాడ కూసుంటది?"

రమేష్ కవిత వంక చూశాడు. కవిత తలుపు దగ్గరికి వచ్చింది.

"ఆ సీటు తల్లికే నాయనమ్మా. పెట్టమంటే తయారుచేసేవాళ్లు ముందు ఒప్పుకోలేదు. నేనే పట్టుబట్టి తిప్పించాను, పిల్ల మొహం కనబడేటట్టు." నీళ్ల సీసా మూత తీసి మళ్లీ పెట్టింది. "వెన్నెలను తీసుకుపోయిన రోజు నన్ను ముందు డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. మధ్యలో అద్దం. దాంట్లో నా మొహమే కనబడింది."

చిన్నమ్మ కాలు ఎత్తి మెట్టు మీద పెట్టింది. రమేష్ పట్టుకోబోతే వద్దని, కమ్మీ పట్టుకుని తనే ఎక్కింది. ఆ సీట్లో కూర్చుని, చేతిలోని టీషర్టు మళ్లీ ఒళ్లో పెట్టుకుని చీర సర్దుకుంది. మంచం వంక చూసింది. తర్వాత బయట ఉన్న నా వంక చూసింది.

"నువ్వు రా. జర గీడ పండు."

"నేనా? గది పిల్లల మంచం చిన్నమ్మా."

"మీ అమ్మకు నువ్వు పిల్లవే గద. పండు, సూడాలె."

అరవై దాటిన ఒళ్లు, చీర మీద పసుపు టీషర్టు. మోకాళ్లు ముడుచుకుని ఆ చిన్న మంచం మీద పడుకున్నాను. బయట ఎవరో నవ్వారు, తర్వాత ఆగిపోయారు. చిన్నమ్మ ముందుకు వంగింది. ఈ మధ్య ఆమె అచ్చం అమ్మలాగే కనబడుతోంది, అదే ముక్కు, అదే నుదుటి గీత. ఒళ్లో మడిచి పెట్టుకున్న టీషర్టు జారి తెరుచుకుంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. కవిత తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి చూస్తోంది.

"కనబడుతున్నదా నాయనమ్మా?" అని అడిగింది.

చిన్నమ్మ ఇంకాస్త వంగింది. ఆమె చేతి వేళ్లకు తమలపాకు వాసన. నేను రెప్ప వేయకుండా చూశాను.

"మంచిగ కనబడుతున్నది బిడ్డా" అంది కవితతో. "గీడ కూసుంటే ఏ తల్లికైన కనబడుతది. వచ్చే ఏడు గూడ పెట్టుండ్రి, నేనొస్త."

తర్వాత నా గడ్డం వదిలేసింది.

"పో, తిను."